హామ్ రేడియో: ముందు పరీక్ష, తరువాతే సెట్టు
లైసెన్సు లేకుండా వాకీటాకీ కొంటే చిక్కులే.. పన్నెండేళ్లు నిండిన వారెవరైనా అర్హులే

నరసరావుపేట: అరచేతిలో ఇమిడే వాకీటాకీని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చాలు, పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి తిరునాళ్లలోని ప్రభ బండి వద్దకు పైసా ఖర్చు లేకుండా మాట్లాడుకోవచ్చునన్న అభిప్రాయం పల్లెల్లోని యువకుల్లో ఉంది. ఆ సెట్టును పెట్టెలోంచి తీసి మీట నొక్కిన క్షణంలోనే చట్టాన్ని అతిక్రమించినట్లవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. అదే సెట్టును తలెత్తుకొని వాడుకొనే మార్గం ఒకటుందన్నది అంతకంటే తక్కువ మందికి తెలుసు. ఆ మార్గమే హామ్ రేడియో లైసెన్సు. పన్నెండేళ్లు నిండిన బడిపిల్లవాడి నుంచి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడి వరకు ఎవరైనా దీనిని పొందవచ్చు. ఇంజనీరింగ్ పట్టా అవసరం లేదు. కావలసిందల్లా ఒక చిన్న పరీక్ష, కొంత ఓపిక. ఓపికే కొంచెం ఎక్కువ కావాలి.

ఏమిటీ హామ్ రేడియో?

వ్యాపార ప్రయోజనం లేకుండా, కేవలం ఆసక్తితో, ప్రభుత్వ అనుమతి పొంది సొంత రేడియో కేంద్రం నడుపుకోవటాన్ని ఔత్సాహిక రేడియో అంటారు. వాడుకలో అది హామ్ రేడియోగా స్థిరపడింది. ఆకాశవాణి కేంద్రం ఒకవైపు నుంచి ప్రసారం చేస్తే శ్రోతలు వింటారు. హామ్ కేంద్రంలో అలా కాదు. మాట్లాడేవారూ వినేవారూ ఒకరే. సెల్‌ఫోనుకు టవరు కావాలి, టవరుకు కరెంటు కావాలి, కంపెనీ కావాలి. హామ్ సెట్టుకు ఇవేవీ అక్కరలేదు. ఇక్కడొక సెట్టు, అక్కడొక సెట్టు, నడుమ ఆకాశం ఉంటే సరిపోతుంది.

మన దేశంలో ఈ విద్య 1921లోనే ఆరంభమైంది. కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తూను తొలి భారతీయ హామ్‌గా చెబుతారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా లైసెన్సు పొందిన హామే. ఆయన పిలుపు సంకేతం వీయూ2ఆర్‌జీ. తెలుగునాట ఈ విద్యకు పుట్టిల్లు హైదరాబాద్‌లోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ. ఎన్ఐఏఆర్‌గా పిలిచే ఈ సంస్థ 1983లో ఎస్.సూరి చొరవతో ఏర్పడింది. అభ్యర్థులకు శిక్షణ ఇవ్వటం, విపత్తుల వేళ సెట్లతో బృందాలను పంపటం ఈ సంస్థ ప్రధాన కార్యక్రమాలు.

పల్నాడుకు ఎందుకు?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఉత్తరాన కృష్ణానది, పడమట నల్లమల అంచు, నడుమ సున్నపురాతి నేలలు, విడివిడి కొండలు. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో కొండల చాటున సెల్‌ఫోను సంకేతం తడబడే చోట్లు నేటికీ ఉన్నాయి. నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాలు రెండూ ఈ జిల్లాను ఆనుకొని ఉన్నవే. 2009 అక్టోబరులో కృష్ణమ్మ ఎంత ఉగ్రరూపం దాల్చిందో నదీతీర గ్రామాలు మరచిపోలేదు. 2024 సెప్టెంబరు 2న విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహించింది. ఆ నీరంతా ముందుగా మన అచ్చంపేట, అమరావతి మండలాల ఒడ్డును ఒరుసుకొనే దిగువకు సాగింది.

వరద వచ్చినప్పుడు మొదట పోయేది కరెంటు. టవరు దగ్గర బ్యాటరీలు ఉన్నంతసేపే సెల్‌ఫోను పనిచేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంతటి మహానగరంలోనే ఫోన్లు మూగబోయాయి. అంతకుముందు 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు స్తంభాలూ తీగలూ కూలిపోయి, జరిగిన ఘోరం బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. అప్పటి గుంటూరు జిల్లా తీరప్రాంతం కూడా ఆనాడు తీవ్రంగా నష్టపోయింది. పల్నాడు నాడు ఆ జిల్లాలోని భాగమే.

అండమాన్‌లో మన హామ్

హామ్ రేడియో అక్కరకు వచ్చిన తీరుకు 2004 డిసెంబరు నాటి ఉదంతాన్ని మించిన నిదర్శనం లేదు. ఎన్ఐఏఆర్‌కు చెందిన భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) బృందం ప్రత్యేక అనుమతితో అండమాన్ దీవులకు వెళ్లింది. 1987 తరువాత ఆ దీవుల నుంచి హామ్ కేంద్రం పలకటం అదే మొదలు. అరుదైన చోటు కావటంతో ప్రపంచం నలుమూలల హామ్‌లు ఆ బృందంతో ఒక్కమాట మాట్లాడితే చాలునని ఎదురుచూశారు. పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక హోటల్‌లో ఏర్పాటు చేసిన కేంద్రం నుంచి వేల సంఖ్యలో సంభాషణలు సాగాయి. అప్పటికి అదంతా సరదా.

డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. వెనువెంటనే సునామీ విరుచుకుపడింది. ఫోన్లు పనిచేయలేదు. సరదా కోసం తీసుకెళ్లిన సెట్లే ఆ క్షణం నుంచి సహాయ కేంద్రంగా మారాయి. దీవుల్లో ఎవరు క్షేమంగా ఉన్నారు, ఎవరి జాడ లేదు అన్న సమాచారం హామ్‌ల ద్వారానే ప్రధాన భూభాగంలోని బంధువులకు చేరింది. పోర్ట్‌బ్లెయిర్‌కూ కార్‌నికోబార్‌కూ నడుమ మాట కలిపిన వారిలో వీరూ ఉన్నారు. అంతకుముందు 1999 ఒడిశా పెను తుపానులోను, 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపంలోను హామ్‌లు ఇదే విధమైన సేవలందించారు.

గమనించవలసిన అంశం ఒకటుంది. సునామీ వచ్చాక లైసెన్సుకు దరఖాస్తు చేసి ఉంటే వారు చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. సెట్టు, లైసెన్సు, వాడే నేర్పు మూడూ ముందే ఉండబట్టి పనికివచ్చారు.

రెండు తరగతుల లైసెన్సు

కేంద్ర టెలికమ్యూనికేషన్ల విభాగంలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ (డబ్ల్యూపీసీ) విభాగం ఈ లైసెన్సులు జారీ చేస్తుంది. రాష్ట్ర ప్రభుత్వానికి గానీ, కలెక్టరేట్‌కు గానీ దీనితో ప్రత్యక్ష సంబంధం లేదు. 1978లో రూపొందించిన ఔత్సాహిక సేవా నిబంధనలు, వాటికి జరిగిన సవరణలు దీనికి ఆధారం. ఒకప్పుడు అడ్వాన్స్‌డ్, గ్రేడ్-1, గ్రేడ్-2 అంటూ పలు అంచెలుండేవి. సవరణల అనంతరం జనరల్, రిస్ట్రిక్టెడ్ అన్న రెండే మిగిలాయి.

కొత్తవారికి రిస్ట్రిక్టెడ్ గ్రేడే మేలు. దీనికి మోర్స్ కోడ్ పరీక్ష ఉండదు. రేడియో సిద్ధాంతం ఒక భాగంగా, నిబంధనలు మరో భాగంగా ప్రశ్నపత్రం ఉంటుంది. ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం మార్కులు వస్తే ఉత్తీర్ణులే. జనరల్ గ్రేడ్‌లో ఒక్కో భాగంలో 50 శాతం, మొత్తం మీద 55 శాతం రావాలి. దానికి తోడు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ కోడ్ పంపటం, అందుకోవటం రావాలి. మోర్స్ అంటే తంతి తపాలా కార్యాలయాల్లో వెనుకటి ఉద్యోగులు 'కట్ట-కడ' అంటూ కొట్టిన చుక్కల, గీతల భాషే. తంతి సేవ 2013 జులైలో మూతపడినా ఈ భాష హామ్‌ల వద్ద బతికే ఉంది. జనరల్ గ్రేడ్ వారికి ప్రసార శక్తి ఎక్కువగా అనుమతిస్తారు. రిస్ట్రిక్టెడ్ వారికి పరిమితి తక్కువ. ఏ తరగతి వారు ఏయే పౌనఃపున్యాల్లో, ఎన్ని వాట్లతో మాట్లాడవచ్చునో నిబంధనలకు జతచేసిన పట్టికలో ఉంటుంది. ఆ పట్టికను అచ్చు తీసి సెట్టు పక్కన గోడకు అంటించుకోవటం మంచి అలవాటు.

దరఖాస్తు చేసేదెలా?

కాగితాలు పట్టుకొని ఢిల్లీ చుట్టూ తిరిగే రోజులు పోయాయి. టెలికమ్యూనికేషన్ల విభాగం వారి 'సరళ్ సంచార్' పోర్టల్‌లో అభ్యర్థి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఫొటో, సంతకం, వయసు ధ్రువీకరణ, గుర్తింపు, చిరునామా పత్రాలు జతచేయాలి. అన్ని పత్రాల్లోనూ పేరు ఒకే తీరుగా ఉండేట్లు చూసుకోవాలి. మన ప్రాంతంలో ఇంటిపేరు ఆధార్‌లో ముందు, పదో తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరంగా ఉండటం సర్వసాధారణం. ఇలాంటి చిన్న తేడాలతోనే దరఖాస్తులు వెనక్కి వస్తుంటాయి.

పరీక్షలో నెగ్గినవారికి మొదట లభించేది 'ఔత్సాహిక కేంద్ర నిర్వాహకుడి ధ్రువపత్రం'. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇది లైసెన్సు కాదు. సెట్టు నడపటం వచ్చునని తెలిపే పత్రం మాత్రమే. డ్రైవింగ్ పరీక్ష నెగ్గినంత మాత్రాన బండికి రిజిస్ట్రేషన్ అయినట్లు కాదు గదా. ఈ పత్రం ఆధారంగా కేంద్రం ఏర్పాటుకు మరల దరఖాస్తు చేయాలి. భద్రతాపరమైన పరిశీలన ఉంటుంది. స్థానిక ఠాణా నుంచి విచారణకు వస్తే కంగారు పడనక్కరలేదు. నల్లమల అంచు కావటంతో మన ప్రాంతంలో ఒకప్పుడు వైర్‌లెస్ సెట్టు అన్న మాటే అనుమానానికి తావిచ్చేది. దరఖాస్తు నకలు, పరీక్ష పత్రం చూపించి విషయం వివరించటమే ఉత్తమం. ఈ దశకు నెలల సమయం పట్టవచ్చు.

లైసెన్సును 20 ఏళ్లకు గానీ, జీవితకాలానికి గానీ తీసుకొనే వీలుంది. రుసుము సామాన్యులకు భారమయ్యేంత కాదు. 1885, 1933 నాటి పాత చట్టాల స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దశలవారీగా అమల్లోకి వస్తున్నందున రుసుములు, నమూనా పత్రాలు మారే అవకాశం ఉంది. దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లోని వివరాలనే ప్రమాణంగా తీసుకోవాలి.

లైసెన్సుతో పాటు పిలుపు సంకేతం వస్తుంది. ఇది ప్రపంచంలో మరెవరికీ ఉండని పేరు. భారత హామ్‌ల సంకేతాలు 'వీయూ'తో మొదలవుతాయి. జనరల్ గ్రేడ్ వారికి వీయూ2, రిస్ట్రిక్టెడ్ వారికి వీయూ3, ఆ తరువాత మూడు ఆంగ్ల అక్షరాలు. అండమాన్ అయితే వీయూ4, లక్షద్వీప్ అయితే వీయూ7.

లైసెన్సు వచ్చేలోగా..

ఎదురుచూసే కాలం వృథా కానక్కరలేదు. మాట్లాడటానికి లైసెన్సు రావాలి గానీ హామ్‌ల సంభాషణ ఎలా సాగుతుందో విని నేర్చుకోవచ్చు. సిలోన్ రేడియో పాటల కోసం మిద్దె మీద రాగి తీగ కట్టి, మీటను వెంట్రుకవాసి తిప్పుతూ స్టేషన్ పట్టిన తరానికి ఇది కొత్త విద్య కాదు. అయితే పాత ట్రాన్సిస్టర్‌లో హామ్‌ల మాటలు ముక్కుతో గొణిగినట్లు వినిపిస్తాయి. వారు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిని విప్పే ఏర్పాటు సాధారణ రేడియోల్లో ఉండదు. ఆ సౌకర్యం ఉన్న రిసీవర్ లేనివారు ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్ కేంద్రాల ద్వారా వినవచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం నడిపే రిసీవర్‌ను మాచర్లలో కూర్చొని సెల్‌ఫోనులో తిప్పుకోవచ్చు.

వింటున్నకొద్దీ పరిభాష ఒంటబడుతుంది. 'సీక్యూ' అంటే ఎవరైనా పలకండి అని పిలుపు. 'క్యూటీహెచ్' అంటే ఉన్న ఊరు. 'క్యూఆర్ఎం' అంటే ఇతర కేంద్రాల రొద. 'క్యూఎస్ఎల్' అంటే అందినట్లు. 'ఫైవ్ నైన్' అంటే మాట స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని. '73' అంటే శుభాకాంక్షలు. పరీక్షలో వీటి మీద ప్రశ్నలు తప్పక ఉంటాయి. సిద్ధాంత భాగానికి ఓమ్ సూత్రం, కెపాసిటర్, కాయిల్, అనునాదం, మాడ్యులేషన్, ఏరియల్ పని తీరు చదవాలి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారికి ఇందులో సగానికి పైగా తెలిసిన విషయమే. చదవనివారు నిబంధనల భాగం మీద దృష్టి పెట్టి, సిద్ధాంతాన్ని నెమ్మదిగా పట్టుకోవాలి. రేడియో మరమ్మతు చేసే పాత మెకానిక్ ఎవరైనా ఊళ్లో మిగిలి ఉంటే ఆయనకు మించిన గురువు లేరు.

ఏ సెట్టు కొనాలి?

దూరాన్ని బట్టి సెట్టు. హామ్‌లకు కేటాయించిన పౌనఃపున్యాల్లో 144-146 మెగాహెర్ట్జ్, 434-438 మెగాహెర్ట్జ్ పట్టీలు దగ్గరి మాటలకు పనికివస్తాయి. చేతి సెట్లు వీటిలోనే పనిచేస్తాయి. ఈ తరంగాలు దాదాపు కంటిచూపులా తిన్నగా సాగుతాయి. కొండ అడ్డం వస్తే ఆగిపోతాయి. ఎంత దూరం వెళతాయన్నదానికి ఒక లెక్క ఉంది. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని సుమారు 4.1తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడి చేత్తో పట్టుకుంటే 5 కిలోమీటర్లు. పది మీటర్ల ఎత్తున డాబా మీద ఏరియల్ నిలిపితే 13 కిలోమీటర్లు. అవతలివారూ అలాగే నిలిపితే రెండూ కలిసి 26. చుట్టుపక్కల నేల కంటే 300 మీటర్లు ఎత్తయిన కొండ మీద నుంచి పలికితే 70 కిలోమీటర్లు దాటుతుంది. నరసరావుపేట నుంచి అటు మాచర్లకు, ఇటు విజయవాడకు పక్షి ఎగిరే దారిన దూరం రమారమి అంతే. డాబా నుంచి డాబాకు అందని మాట కొండ మీద మధ్యవర్తి కేంద్రం ఉంటే అందుతుందన్న మాట. అలాంటి రిపీటర్‌కు వేరే అనుమతి తీసుకోవాలి.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు లక్షల్లో జనం చేరినప్పుడు ఫోన్లు కలవక జనం పడే అవస్థ అందరికీ తెలిసిందే. తప్పిపోయిన పిల్లల సమాచారం కొండ పైకీ కిందికీ చేరవేసేందుకు లైసెన్సు ఉన్న హామ్‌లు నలుగురు జిల్లాలో ఉంటే, అధికారుల అనుమతితో వారి సేవలు వాడుకోవచ్చు.

దూరపు మాటలకు 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు గల హెచ్ఎఫ్ తరంగాలు కావాలి. ఇవి ఆకాశంలోని అయనావరణాన్ని తాకి తిరిగి నేలకు వస్తాయి. 7 మెగాహెర్ట్జ్ పట్టీలో పగటిపూట నరసరావుపేట నుంచి సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌తో సునాయాసంగా మాట్లాడవచ్చు. నడుమ ఎన్ని కొండలున్నా సంబంధం లేదు. రాత్రి అయ్యేసరికి అదే పట్టీ వేల కిలోమీటర్లు పలుకుతుంది. 14 మెగాహెర్ట్జ్ విదేశాలకు అనువైనది. వరద సమయంలో జిల్లా కేంద్రానికీ రాష్ట్ర కేంద్రానికీ మాట కలపాలంటే పనికివచ్చేది 7 మెగాహెర్ట్జే.

జపాన్ కంపెనీల కొత్త హెచ్ఎఫ్ సెట్టు లక్ష రూపాయల పైమాటే. అంత పెట్టలేనివారికి తెలుగు నేల మీదే ఒక మార్గం పుట్టింది. హైదరాబాద్ వాసి అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) అతి తక్కువ ఖర్చుతో, బజారులో దొరికే విడిభాగాలతో చేసుకోగల 'బిట్ఎక్స్' సెట్టును 2000 దశకంలో రూపొందించారు. ఖరీదైన ఫెర్రైట్ వలయాలు దొరకని చోట నీళ్ల కుళాయికి వేసే వాషర్ల మీద తీగ చుట్టి కాయిల్స్ తయారుచేశారు. డిజైన్‌ను దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. ప్రపంచమంతటా హామ్‌లు దాన్ని చేసుకొని పలికారు. ఆ తరువాత 2016లో 'బిట్ఎక్స్40', 2017 చివర్లో అన్ని హెచ్ఎఫ్ పట్టీల్లో పనిచేసే 'మైక్రో బిట్ఎక్స్' వచ్చాయి. పది వాట్ల లోపు శక్తితోనే ఇవి ఖండాలు దాటిన సందర్భాలున్నాయి. టంకం పెట్టటం వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

సెట్టు కంటే ఏరియలే ముఖ్యం

కొత్తవారు డబ్బంతా సెట్టు మీద పెట్టి ఏరియల్‌ను అశ్రద్ధ చేస్తారు. నిజానికి మంచి ఏరియల్‌తో మామూలు సెట్టు పలుకుతుంది గానీ, చెడ్డ ఏరియల్‌తో లక్ష రూపాయల సెట్టు కూడా పలకదు. హెచ్ఎఫ్‌కు చవకైనది డైపోల్. 143ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్ల పైచిలుకు. అంటే ఇటు పది, అటు పది. ఇళ్లలో వైరింగ్‌కు వాడే రాగి తీగ చాలు. ఇంటి మిద్దెకూ పెరటి వేపచెట్టుకూ మధ్య కట్టుకోవచ్చు. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగపు కడ్డీ 49 సెంటీమీటర్లే.

ఏరియల్ నుంచి సెట్టుకు వచ్చే కేబుల్ 50 ఓమ్‌లది కావాలి. ఇంట్లో మిగిలిన కేబుల్ టీవీ వైరు 75 ఓమ్‌లది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. సన్నని ఆర్‌జీ-58 కేబుల్‌ను 20 మీటర్ల పొడవున వాడితే 145 మెగాహెర్ట్జ్ వద్ద సగానికి పైగా శక్తి కేబుల్‌లోనే ఆవిరైపోతుంది. 7 మెగాహెర్ట్జ్ వద్ద ఆ నష్టం స్వల్పం. కాబట్టి డాబా మీది చిన్న ఏరియల్‌కే మందపాటి కేబుల్ కావాలి. ఏరియల్ సరిగా కుదిరిందో లేదో తెలిపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు తప్పనిసరి. అది చూడకుండా ప్రసారం చేస్తే సెట్టులోని ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.

హామ్ సెట్లు చాలావరకు 12-13.8 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. వంద వాట్ల సెట్టు ప్రసార సమయంలో 20 ఆంపియర్లు లాగుతుంది. పది వాట్ల సెట్టుకు రెండు ఆంపియర్లతో సరిపోతుంది. కరెంటు కోతల పుణ్యమా అని పల్నాడులో ఇన్వర్టర్ లేని డాబా ఇల్లు అరుదు. ఆ 150 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడుకున్నా, సగటున ఒక ఆంపియర్ లెక్కన చిన్న సెట్టు మూడు రోజులు నడుస్తుంది. కరెంటు తిరిగి రావటానికి తుపాను తరువాత పట్టే కాలం ఇంచుమించు అదే.

ప్రాణాపాయం ఉన్న విషయాలు రెండున్నాయి. ఇంటి మీదుగా లేదా పక్కగా 11 కేవీ లైను వెళుతుంటే, ఏరియల్ గొట్టం ఎటు పడినా తీగలకు తగలనంత దూరంలో నిలపాలి. ఇనుప గొట్టం నిలపటానికి ఒక్కరే పూనుకోరాదు. రెండోది పిడుగు. వేసవి చివర ఉరుములు మొదలుకాగానే కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీసి కిటికీ బయట వేయాలి. గొట్టానికి ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ ఉంది గదా అని ఉరుముల్లో సెట్టు ముందు కూర్చోకూడదు.

బోరు మోటారు స్టార్టర్లు, నాసిరకం ఎల్ఈడీ బల్బులు, పొలాల చుట్టూ వేసే సోలార్ కంచెలు రిసీవర్‌లో గరగర పుట్టిస్తాయి. ఊరికి దూరంగా, పొలంలోని షెడ్డులో వినేవారికి పట్టణవాసుల కంటే ఆకాశం నిర్మలంగా వినిపిస్తుంది. పల్లెకు దక్కిన లాభాల్లో ఇదొకటి.

చేతి సెట్లతో జాగ్రత్త

కొన్ని వేలకే దొరికే చైనా చేతి సెట్లు హామ్ పట్టీలకే పరిమితం కావు. 136 నుంచి 174 వరకు, 400 మొదలు పైకి ఎక్కడ తిప్పితే అక్కడ ప్రసారం చేస్తాయి. పోలీసు, అటవీ, రైల్వే శాఖల వైర్‌లెస్ కూడా ఆ పరిధిలోనే ఉండవచ్చు. ఆటగా నొక్కిన మీట అత్యవసర సమాచారానికి అడ్డం పడితే బాధ్యత సెట్టు యజమానిదే. లైసెన్సు వివరాలు తెలపకుండా వాకీటాకీలు విక్రయిస్తున్న ఆన్‌లైన్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో నోటీసులు జారీ చేసి, అమ్మకాలపై మార్గదర్శకాలు కూడా వెలువరించింది. ఆన్‌లైన్‌లో దొరికింది కనుక వాడవచ్చుననుకోవటం సరికాదు.

పొలం పనులకో, పెళ్లి పందిరికో వాకీటాకీ కావలసినవారికి హామ్ లైసెన్సు పరిష్కారం కాదు. హామ్ పట్టీల్లో వ్యాపార సంభాషణ నిషిద్ధం. మిర్చి ధర అడగటం కూడా అందులోకే వస్తుంది. అలాంటివారు లైసెన్సు అక్కరలేని 446.0-446.2 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేసే అల్పశక్తి సెట్లను, ప్రభుత్వ ఆమోదం ఉన్నవో కావో చూసుకొని కొనాలి.

హామ్‌లు పాటలు, ప్రసంగాలు ప్రసారం చేయరాదు. రాజకీయ, మత ప్రచారం కూడదు. రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు. తెలుగులో నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు. సంభాషణ మొదట, చివర పిలుపు సంకేతం చెప్పాలి. ఎవరితో, ఎప్పుడు, ఏ పౌనఃపున్యంలో మాట్లాడిందీ పుస్తకంలో రాయాలి. ఇతరుల సందేశాలు మామూలు రోజుల్లో మోయరాదు. విపత్తు వచ్చి సాధారణ సమాచార మార్గాలు తెగిపోయినప్పుడు మాత్రం ఈ నిబంధనకు సడలింపు ఉంది.

అంతరిక్షం నుంచి కూడా..

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 ద్వారా ఇస్రో ప్రయోగించిన 42.5 కిలోల 'హామ్‌శాట్' ఉపగ్రహం అచ్చంగా హామ్‌ల కోసం చేసినదే. రెండేళ్లు పనిచేస్తుందనుకున్నది 2014 వరకు సేవలందించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ హామ్ సెట్టు ఉంది. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జులైలో దాని ద్వారానే మన దేశ విద్యార్థులతో మాట్లాడారు. ఆ కేంద్రం మన నెత్తి మీదుగా పోయే కొద్ది నిమిషాల్లో, కార్యక్రమం ఉన్న రోజున, 145.800 మెగాహెర్ట్జ్ వద్ద ఆ మాటలు డాబా మీది చిన్న ఏరియల్‌కు కూడా అందుతాయి.

వ్యక్తులకే గాక విద్యాసంస్థలకు, క్లబ్బులకు కూడా హామ్ కేంద్రం లైసెన్సు ఇస్తారు. నరసరావుపేట పరిసరాల్లోని ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో లైసెన్సు ఉన్న అధ్యాపకుడు ఒక్కరున్నా ఆయన బాధ్యతలో కేంద్రం నెలకొల్పుకోవచ్చు. వ్యక్తిగత లైసెన్సు కోరేవారు సరళ్ సంచార్ పోర్టల్‌లో పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు ముందుగా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌ను ఎంచుకొని, మోర్స్ నేర్చుకున్నాక జనరల్‌కు మారవచ్చు. శిక్షణ కావలసినవారు హైదరాబాద్ రాజ్‌భవన్ రోడ్డులోని ఎన్ఐఏఆర్ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.